ప్రకటన మింగేసిన మాట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రకటనల గురించే. రాసినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు నిండనివాళ్లు. నేను యాడ్ ఏజెన్సీలో కాపీ, అంటే ప్రకటనల్లోని మాటలు, రాస్తూ మొదలుపెట్టి, తర్వాత చాలా ఏళ్లు మిగతావాళ్లు రాసిన కాపీ సరిచూసే పనిలో ఉన్నాను. పైనుండే పెద్ద అక్షరాలు వాళ్లవి, అడుగున నక్షత్రం గుర్తు పక్కనుండే చీమతలకాయంత అక్షరాలు నావి. ఆ అడుగు అక్షరాల వైపు నుంచే జవాబులు చెబుతాను.

ప్రశ్న: మేడమ్, నాకు పదిహేడేళ్లు. దాచుకున్న డబ్బుతో మొదటిసారి ఒక ఫేస్ సీరమ్ కొన్నాను. ప్రకటనలో "పదిమందిలో తొమ్మిదిమంది తేడా గమనించారు" అని ఉంది. సీసా అయిపోయింది, నాకు ఏ తేడా కనిపించలేదు. "యాడ్స్ అన్నీ అబద్ధాలే, నమ్మిన నువ్వే పిచ్చిదానివి" అంటోంది నా ఫ్రెండ్. అబద్ధం చెప్పే ప్రకటనను ముందే కనిపెట్టడం ఎలా?

జవాబు: అన్నీ అబద్ధాలే అనుకోవడం కూడా అన్నీ నిజాలే అనుకోవడమంత సుఖమైన పనేనని నీ ఫ్రెండ్‌తో చెప్పు. రెండింటిలోనూ కూర్చుని చదవాల్సిన అవసరం ఉండదు.

పేరున్న కంపెనీ పచ్చి అబద్ధం అచ్చువేయడానికి భయపడుతుంది. కాపీ బయటికి వెళ్లేముందు లాయర్ చూస్తాడు. ప్రతి అంకెకూ ఆధారం అడుగుతాడు. ఏదో ఒక కాగితం చూపిస్తారు కూడా. అందుకే అబద్ధం కోసం వెతికితే నీకు సాధారణంగా దొరకదు. వెతకాల్సింది మింగేసిన మాట కోసం.

నీ సీరమ్ వాక్యమే తీసుకో. పదిమందిలో తొమ్మిది అంటే మొత్తం ఎంతమందిని అడిగారు? వాళ్లకు సీసా ఉచితంగా ఇచ్చారా? తేడా అంటే దేనితో పోలిస్తే, ఏమీ రాయని ముఖంతోనా, మామూలు మాయిశ్చరైజర్‌తోనా? గమనించారంటే పరికరంతో కొలిచారా, "మీకేమనిపించింది" అని ఫారం నింపించారా? కొన్ని వారాలపాటు రోజూ శ్రద్ధగా ముఖం కడుక్కుని ఏదో ఒకటి రాసుకుంటే చాలామందికి ఎంతో కొంత తేడా కనిపిస్తుంది. ఆ ఘనత సీరమ్‌దా, కడుక్కోవడానిదా అన్నది ఆ ఫారంలో ఉండదు.

జరిగిన సంగతి ఒకటి చెబుతాను. బ్రిటన్‌లో కోల్గేట్ ప్రకటన ఒకటి, 80 శాతానికి పైగా దంతవైద్యులు కోల్గేట్‌ను సిఫారసు చేస్తారని చెప్పింది. చదివినవాళ్లకు ఏమనిపిస్తుంది? మిగతా కంపెనీలన్నీ కలిసి ఆ మిగిలిన 20 శాతాన్ని పంచుకున్నాయని. అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆ సర్వేను పరిశీలిస్తే, ఒక్కో డాక్టరు ఒకటికి మించి పేర్లు చెప్పొచ్చని తేలింది. మరో బ్రాండ్‌ను కూడా దాదాపు అంతమందే చెప్పారు. అంకె నిజమే. అయినా జనం దాన్ని మరోలా అర్థం చేసుకుంటారు కాబట్టి అలా వాడొద్దని 2007లో తీర్పిచ్చారు.

బొమ్మ కూడా మాట మింగుతుంది. 1960ల చివర్లో అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనల కోసం గిన్నె అడుగున గాజు గోళీలు వేసి ఫొటో తీశారు. దాంతో కూరగాయ ముక్కలు మునగకుండా పైకి తేలాయి, సూప్ ముక్కలతో నిండుగా కనిపించింది. సూప్ వాళ్లదే, ముక్కలూ వాళ్లవే. గోళీల సంగతి ఒక్కటే చెప్పలేదు. అక్కడ వ్యాపార మోసాల మీద కన్నేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనల మీద చర్య తీసుకుంది.

నేను పనిచేసిన రోజుల్లో ఎక్కువ గొడవలు "70 శాతం వరకు తగ్గింపు" లాంటి వాక్యాల మీదే జరిగేవి. క్లయింట్‌కు 70 గోడంత కావాలి, "వరకు" కనపడీ కనపడనట్టు కావాలి. లాయర్‌కు రెండూ చదవగలిగేలా ఉండాలి. మధ్యలో నేను. ఎక్కడో ఒక మూల కొద్దిపాటి సరుకు మీద 70 ఇచ్చి, మిగతా అంతటా 10 ఇచ్చినా ఆ వాక్యాన్ని సమర్థించుకోవాలనే వాళ్లు చూస్తారు.

కోర్టుల నుంచి కూడా ఒకటి నేర్చుకోవచ్చు. 1890ల ఇంగ్లండ్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ అని, ముక్కుతో పీల్చే మందు ఒకటి అమ్మేవారు. చెప్పినట్టు వాడాక కూడా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని, మా మాట నిజమనడానికి 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని కంపెనీ పేపర్లో ప్రకటించింది. కార్లిల్ అనే ఆవిడ వాడింది, ఫ్లూ వచ్చింది, డబ్బు అడిగింది. అది ఊరికే గొప్పకు రాసిన మాట అని కంపెనీ వాదన. బ్యాంకులో డబ్బు వేశామని రాసినవాళ్లు ఊరికే రాశామంటే కుదరదని 1892లో అప్పీలు కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. దాంతో మా వృత్తివాళ్లకు జాగ్రత్త వచ్చింది. నిజాయితీ వచ్చిందని నేను అనను. ఖచ్చితంగా మాటిస్తే ఇరుక్కుంటాం, "నీలోని వెలుగును మేల్కొలుపు" అంటే ఏ కోర్టూ ఏమీ అడగదు. ఎవరి వెలుగు, ఎన్ని గంటలకు మేలుకుంది అని ఎవరు కొలుస్తారు? కాబట్టి మాట ఎంత అందంగా, ఎంత పట్టు దొరక్కుండా ఉంటే కంపెనీ నీకు అంత తక్కువ హామీ ఇస్తోందని లెక్కేసుకో.

ఈసారి ఏదైనా కొనేముందు ప్రకటనలో నిన్ను ఆకట్టుకున్న వాక్యం రాసుకుని, దేనికంటే, ఎవరిని అడిగి, ఎన్నాళ్లకు అని అడుగు. ప్యాకెట్ మీదో వెబ్‌సైట్‌లోనో జవాబు దొరికితే చదువు. దొరక్కపోతే ఆ వాక్యం కొట్టేసి, మిగిలినదాన్ని బట్టి నిర్ణయించుకో. నీ సీరమ్ విషయంలో ఆ వాక్యం పోతే మిగిలేది సీసా రంగు, ఒక నవ్వు ముఖం, వెనకవైపున్న పదార్థాల జాబితా. ఆ జాబితా పనికొస్తుంది.

ప్రశ్న: నా వయసు 19. షాపింగ్ యాప్‌లో "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి", "ఇప్పుడు 38 మంది చూస్తున్నారు" అని వస్తుంది. పక్కన గడియారం తగ్గుతూ ఉంటుంది. టెన్షన్ వచ్చి కొనేస్తాను. రెండు రోజుల తర్వాత చూస్తే అదే ధర. ఇది నా బలహీనతేనా మేడమ్?

జవాబు: బలహీనత అనుకోకు బాబూ. నీకు టెన్షన్ రావాలనే ఆ గడియారం అక్కడ పెట్టారు.

1975లో స్టీఫెన్ వర్చెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి పది బిస్కెట్లున్న జాడీలోంచి, ఇంకొందరికి రెండే ఉన్న జాడీలోంచి బిస్కెట్ ఇచ్చారు. అన్నీ ఒకే రకం. రెండున్న జాడీ వచ్చినవాళ్లకు ఆ బిస్కెట్ మీద ఆశ ఎక్కువ కలిగింది, దాని ఖరీదు కూడా ఎక్కువుంటుందని అంచనా వేశారు. రుచి ఎక్కువుందని మాత్రం అనలేదు. ఈ ప్రయోగంలో నాకు నచ్చేది ఆ చివరి ముక్క. కొరత వల్ల ఆశ పెరిగింది, బిస్కెట్ అలాగే ఉంది.

యాప్‌లో ఇంకో మెలిక ఉంది. జాడీలో నిజంగా రెండే ఉన్నాయో లేదో నీకు కనపడదు. 2019లో ప్రిన్స్‌టన్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాదాపు 11,000 షాపింగ్ సైట్లను ప్రోగ్రామ్‌తో జల్లెడ పట్టారు. కొనేవాళ్లను తొందరపెట్టే, తికమకపెట్టే ఎత్తులు 1,818 దొరికాయి. కొన్ని సైట్లలో గడియారం సున్నాకు చేరాక కూడా ఆఫర్ ఎక్కడికీ పోలేదు. "ఇంతమంది చూస్తున్నారు" అన్న అంకెను కొన్నిచోట్ల సైట్ ప్రోగ్రామే ఇష్టమొచ్చినట్టు పుట్టిస్తోంది, ఎవరూ చూడకపోయినా సరే. నీ 38 మందిని కూడా లెక్కలోంచి తీసెయ్. గడియారాన్ని పరీక్షించడం సులువు. సున్నాకు రానిచ్చి, పేజీ మూసి మళ్లీ తెరువు.

ఇలాంటి ఎత్తులకు డార్క్ ప్యాటర్న్స్ అని 2010లో పేరు పెట్టింది హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్. ముందే టిక్ పెట్టేసిన పెట్టెలు ఇందులోకే వస్తాయి. ఒక్క నొక్కుతో చేరిపోయి, మానేయాలంటే పేజీల మీద పేజీలు తిరగాల్సిన సభ్యత్వాలూ అంతే. "వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు" అని రాసున్న బటన్ కూడా చూసే ఉంటావు. అది రాసినవాడు నా వృత్తివాడే అని తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వద్దన్న మనిషిని చిన్నబుచ్చడం కూడా ఒక రాతేనా?

ఇక ధరలు. గీత కొట్టిన పాత ధర చూశాక కొత్త ధర చవగ్గా కనిపిస్తుంది. మొదట కంటపడిన అంకె మన అంచనాను తనవైపు లాగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లోనే చూపించారు. ఇక్కడ మింగేసిన మాట, ఆ పాత ధరకు అసలు ఎప్పుడు అమ్మారు అన్నది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం, తగ్గింపు ప్రకటించేవాళ్లు అంతకుముందు కనీసం 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలి. నిన్న పెంచి ఇవాళ తగ్గించే ఆట కట్టించడానికి పెట్టారు. అలాంటి నియమం లేని చోట స్క్రీన్‌షాట్ నీ నియమం. నచ్చిన వస్తువు ధరను కొన్నాళ్లు అలా తీసి ఉంచుకో.

మూడు ప్లాన్లు చూపించి, మధ్యదాని ధర పెద్దదానికి అతి దగ్గరగా పెట్టారంటే ఆ మధ్యది అమ్ముడుపోవాలని పెట్టింది కాకపోవచ్చు. దాని పక్కన పెద్దది లాభంగా కనిపిస్తుంది, అదే దాని ఉద్యోగం. జోయెల్ హ్యూబర్, జాన్ పేన్, క్రిస్టఫర్ ప్యూటో 1982లోనే దీని గురించి పరిశోధన పత్రం రాశారు. మధ్యదాన్ని వేలితో కప్పేసి చూడు, చాలాసార్లు చిన్నది సరిపోతుంది.

చివరగా, వస్తువు కార్ట్‌లో వేసి ఒక రాత్రి వదిలెయ్. చాలా యాప్‌లు అలా వదిలేసినవాళ్లకు "ఏదో మర్చిపోయారు" అంటూ మర్నాడు కూపన్ కూడా పంపుతాయి. తొందరపడినవాడికేమో పూర్తి ధర!

ప్రశ్న: సినిమా మధ్యలో కంటికి ఆననంత వేగంగా ప్రకటన చూపిస్తే మనకు తెలియకుండానే కొనాలనిపిస్తుందట. నిజమేనా?

జవాబు: ఆ కథ 1957లో పుట్టింది. జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు న్యూజెర్సీలోని ఒక థియేటర్లో "పాప్‌కార్న్ తినండి", "కోకాకోలా తాగండి" అనే మాటలను సెకనులో మూడు వేలవ వంతు సేపు మెరిపించి అమ్మకాలు బాగా పెంచానని ప్రకటించాడు. జనం హడలిపోయారు. 1962లో ఆయనే అదంతా గిమ్మిక్కని ఒప్పుకున్నాడు. పాప్‌కార్న్ సంగతి పక్కన పెడితే, ఆయన అమ్మాలనుకున్న సరుకు తన కంపెనీ. కనపడని ప్రకటనల జోలికి పోకు, కనపడేవాటితోనే మనకు తీరిక ఉండదు.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. ఒక అక్క వీడియోలు రోజూ చూస్తాను. చర్మం గురించి, జుట్టు గురించి చెబుతుంది, తన బాధలు కూడా మాతో చెప్పుకుంటుంది. తను చెప్పినవే కొనిపించుకుంటాను. "డబ్బులిస్తే చెబుతోంది" అని మా అమ్మ అంటే కోపం వచ్చింది. తను నిజంగా మంచిది మేడమ్.

జవాబు: మంచిదే అయ్యుండొచ్చు తల్లీ. డబ్బు తీసుకున్నంత మాత్రాన చెడ్డదైపోదు. కాబట్టి మీ అమ్మ చెప్పిందీ నువ్వు చెప్పిందీ రెండూ నిజం కావచ్చు, దానికి అమ్మ మీద కోపం అక్కర్లేదు.

నీకు ఆ అమ్మాయి ఏ సబ్బు వాడుతుందో, ఎందుకు ఏడ్చిందో తెలుసు. తనకు నీ పేరు తెలియదు. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఒకవైపు పరిచయం గురించే రాశారు. అప్పుడు వాళ్ల ముందున్నవి రేడియో, టీవీ, సినిమా. తెరమీది మనిషి మనతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడితే, చూసేవాళ్లకు సొంత మనిషన్న భావం కలుగుతుందని గమనించారు. ఇప్పుడు ఆ తెర నీ దిండు పక్కకు వచ్చింది. ప్రకటన అంటే జాగ్రత్తపడే మనం అక్క మాట అంటే పడం. కంపెనీలకు కావాల్సింది అదే.

ఇలాంటి వీడియోకు కంపెనీ పంపే బ్రీఫ్‌లో, అంటే ఏం చేయాలో చెప్పే కాగితంలో, ఏముంటుందో చెబుతాను. తప్పక రావాల్సిన మాటలు, లింకు పెట్టాల్సిన చోటు, పోటీ బ్రాండ్ సీసా వెనకాల కూడా కనపడకూడదన్న షరతు, పోస్ట్ చేసేముందు మాకు చూపించాలన్న షరతు. "మీ సొంత మాటల్లో, మనసులోంచి చెప్పండి" అనే వాక్యం కూడా అందులోనే ఉంటుంది.

డబ్బు తీసుకున్న సంగతి చెప్పాలని చాలా దేశాల్లో నియమాలున్నాయి. చెబుతారు కూడా. ఎక్కడ చెబుతారో చూడు. "మరిన్ని" నొక్కితే తప్ప కనపడని చోటా, హ్యాష్‌ట్యాగుల గుంపు మధ్యలోనా? తన పేరుతో డిస్కౌంట్ కోడ్ ఉంటే సాధారణంగా నీ కొనుగోలులో తనకు వాటా ఉంటుంది. ఓపికుంటే తన పాత వీడియోలు వెనక్కి వెళ్లి చూడు. "ఇది లేకుండా బతకలేను" అన్న క్రీమ్ తర్వాతి నెలల్లో ఎక్కడైనా కనిపించిందా? ఏ వస్తువునైనా బాగాలేదని ఎప్పుడైనా చెప్పిందా? ఒక్కటీ చెప్పకపోతే, ఆ మౌనం కూడా లెక్కలోకే వస్తుంది.

నీ ఉత్తరం చివర్లో, ఆ వీడియోలు చూసేదాకా ముక్కు మీది రంధ్రాలు ఒక సమస్య అని నీకు తెలియదని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మందు అమ్మాలంటే ముందు జబ్బు అమ్మాలి, ఇది మా వృత్తిలో పాత విద్య. ఇప్పుడు నోరు పుక్కిలించడానికి వాడే లిస్టరిన్ 1879లో ఆపరేషన్లకు వాడే క్రిమిసంహారిణిగా పుట్టింది. 1920ల్లో దాని ప్రకటనలు నోటి దుర్వాసన మీద పడ్డాయి. ప్రకటనలో ఒక అందమైన అమ్మాయి ఉంటుంది, స్నేహితురాళ్లందరికీ పెళ్లవుతుంది, ఆమెకు కాదు. కారణం ఏమిటో ఎవరూ ఆమె మొహం మీద చెప్పరు. చదివిన ప్రతివాళ్లూ తమ నోటి ముందు చెయ్యి పెట్టుకుని చూసుకుని ఉంటారు. అదే సీసా జలుబుకు, గొంతునొప్పికి కూడా పనిచేస్తుందని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. చివరకు 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇది జలుబును, గొంతునొప్పిని నివారించదని మీ ప్రకటనల్లోనే రాయండని ఆదేశించింది. కంపెనీ కోర్టుకు వెళ్లినా 1977లో ఆ ఆదేశం ప్రధానంగా నిలబడింది.

రంధ్రాలు లేని చర్మం ఉండదు తల్లీ, చెమట, నూనె బయటికొచ్చేది వాటిలోంచే. నువ్వు వీడియోలో చూసేది లైటు, ఫిల్టరు. నార్వేలో 2022 జులై నుంచి, మనిషి ఒంటి ఆకారాన్నో చర్మాన్నో మార్చిన ప్రకటన ఫొటోల మీద ఆ సంగతి ముద్ర వేసి చెప్పాలని చట్టం ఉంది. ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని పెట్టే పోస్టులకు కూడా అది వర్తిస్తుంది. ఆ అక్క వీడియోలు మానేయమని నేను చెప్పను. నచ్చితే చూడు. కొనే జాబితా మాత్రం వీడియో ముందు కూర్చుని రాయకు.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. కార్టూన్ల మధ్య వచ్చిన ప్రతిదీ కావాలని మారాం చేస్తాడు. వాడికి ఇవన్నీ ఎలా వివరించాలి?

జవాబు: ఈ వయసులో వివరించి ఎక్కువ ఫలితం ఉండదండీ. ఆరేళ్ల పిల్లలకు కార్యక్రమం వేరు, ప్రకటన వేరు అని చాలావరకు తెలుస్తుంది. ఎదుటివాడు అమ్ముకోవడానికి చెబుతున్నాడన్న ఊహ ఇంకా సరిగా రాదు. అందుకే కెనడాలోని క్యూబెక్‌ రాష్ట్రంలో 1980 నుంచి 13 ఏళ్లలోపు పిల్లల్ని ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనల మీద నిషేధం ఉంది. స్వీడన్‌లో 1991 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు గురిపెట్టిన టీవీ ప్రకటనలు కుదరవు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఒకే తిండిని రెండు పొట్లాల్లో ఇచ్చారు. మెక్‌డొనాల్డ్స్ గుర్తున్న పొట్లంలోదే రుచిగా ఉందని ఎక్కువమంది అన్నారు. క్యారెట్ల విషయంలో కూడా అదే మాట! మీరు చేయగలిగింది ప్రకటనలు తగ్గించడం, వచ్చినప్పుడు పక్కన కూర్చుని "ఇది ఎవరు చేయించారు రా?" అని ఆటలా అడగడం. జవాబు సరిగా రాకపోయినా ఆ ప్రశ్న అలవాటు కావాలి.

ప్రశ్న: ఇవన్నీ తెలిసిన మీరు ఏ ప్రకటనకూ పడరా మేడమ్?

జవాబు: పడకుండా ఎలా ఉంటాను? రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో చూపించిన సంగతి నాకూ వర్తిస్తుంది. అర్థం లేని పదాలైనా, తెలియని ముఖాలైనా, ఎక్కువసార్లు కంటపడినవే జనానికి ఎక్కువ నచ్చాయి. ఒకే ప్రకటన విసుగొచ్చేదాకా తిప్పితిప్పి వేసేది ఇందుకే. విసుగు నాలుగు రోజుల్లో పోతుంది, పేరు మిగిలిపోతుంది.

తెలిసిన పేరూ తెలియని పేరూ పక్కపక్కన ఉంటే నా చెయ్యి తెలిసిన పేరు వైపే పోతుంది. ప్యాకెట్ తిప్పి వెనకవైపు చదువుతాను. అవే పదార్థాలు, అంతే బరువు అయితే ధర తక్కువున్నది బుట్టలో వేసుకుంటాను. ఒక్కోసారి తెలిసిన పేరుదే చవక. అప్పుడు ఏ గొడవా లేకుండా అదే తెచ్చుకుంటాను.